ఈజీఆర్ సెన్సర్ కోడ్ వచ్చిందా? వాల్వ్ కొనే ముందు చేయాల్సిన పరీక్షలు

డీజిల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0404 అనో, పీ0406 అనో చూపిస్తుంది. "ఈజీఆర్ పోయింది, కొత్తది వేయాల్సిందే" అన్న తీర్పు చాలా షెడ్లలో ఆ వెంటనే వచ్చేస్తుంది. ఈజీఆర్ అంటే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్. అది ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ సాధారణంగా వాల్వ్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా దొరకదు. అంటే సెన్సర్ మీద అనుమానం వస్తే మొత్తం వాల్వ్ మార్చాలి. కొత్తది బిగించాక కూడా అదే లైటు మళ్లీ వెలిగితే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. సెన్సర్ చెడిపోయిందని ఆ కోడ్ చెప్పడం లేదు. సెన్సర్ వైరులో వస్తున్న రీడింగు తనకు నమ్మశక్యంగా లేదని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చెబుతోంది, అంతే. అలా జరగడానికి కరెంటు అందకపోవడం, ఎర్తు తెగిపోవడం, కప్లర్‌లో (వైర్లను కలిపే ప్లగ్గులో) తుప్పు, వాల్వ్‌లో పట్టేసిన మసి వంటి కారణాలు చాలా ఉన్నాయి. వాటన్నిటి తర్వాతే సెన్సర్ వంతు. జ్వరం చూపించిందని థర్మామీటర్ మార్చుకుంటూ పోతే జబ్బు తగ్గదు కదా.

ఈ పద్ధతి ఎలక్ట్రిక్ ఈజీఆర్ వాల్వ్ ఉన్న బండ్లకు, ముఖ్యంగా బీఎస్4 కాలుష్య నిబంధనల కాలం నుంచి వచ్చిన కామన్ రైల్ డీజిల్ కార్లకు పనికొస్తుంది. కొన్ని పాత బండ్లలో వాల్వ్ వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది. వాల్వ్‌కు సన్నని రబ్బరు పైపు మాత్రమే వచ్చి, ఎలక్ట్రికల్ కప్లర్ లేకపోతే దానికి పొజిషన్ సెన్సరే లేదన్నమాట. అక్కడ ఈసీయూ గాలి కొలిచే మాఫ్ సెన్సర్‌ను చూసి అంచనా వేసుకుంటుంది. ఆ పరీక్ష దారి వేరు.

ముందు, లోపల జరిగే పని

సైలెన్సర్ వైపు పోవాల్సిన పొగలో కొంత భాగాన్ని ఈజీఆర్ వాల్వ్ మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. లోపలికి వెళ్లే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, మండేటప్పుడు వేడి మరీ పెరగదు, దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా తయారవుతాయి. డీజిల్ కారుకు ఈ ఆక్సైడ్ల పరిమితి బీఎస్4లో కిలోమీటరుకు 0.25 గ్రాములు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్6లో అది 0.08 గ్రాములకు దిగింది.

డీజిల్ ఇంజిన్‌లో ఐడిల్‌లోనూ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు), తక్కువ లోడులోనూ ఈ వాల్వ్ తెరుచుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మూసుకుంటుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఐడిల్‌లో మూసే ఉంటుంది. ఈ తేడా తెలియక, డీజిల్ బండి ఐడిల్‌లో వాల్వ్ తెరిచి ఉండటం చూసి ఇరుక్కుపోయిందనుకునే వాళ్లున్నారు.

వాల్వ్‌ను కదిపేది చిన్న మోటారు. ఎంత కదిలిందో చెప్పేది పొజిషన్ సెన్సర్. ఎక్కువగా కనిపించే కప్లర్‌కు 5 పిన్నులుంటాయి. రెండు మోటారుకు, మిగతా మూడు సెన్సర్‌కు. ఆ మూడింటిలో ఒకటి ఈసీయూ పంపే 5 వోల్టుల సరఫరా, ఒకటి సెన్సర్ ఎర్తు, ఒకటి సిగ్నల్. ఈసీయూ 40 శాతం తెరువు అని ఆదేశిస్తే, సిగ్నల్ వైరు మీద దానికి తగిన వోల్టేజి తిరిగి రావాలి. కొంతసేపటి వరకూ లెక్క కుదరకపోతే కోడ్ పడుతుంది.

లక్షణాలను బట్టి తేల్చేయొద్దు. పికప్ లేకపోవడం, నల్లపొగ, ఐడిల్‌లో వణుకు, లింప్ మోడ్ (బండి తనంతట తానే శక్తి తగ్గించుకోవడం) ఇవన్నీ టర్బో హోస్ చిరిగినా వస్తాయి, మాఫ్ సెన్సర్ పాడైనా వస్తాయి. వాల్వ్ మూసిన స్థితిలో ఇరుక్కుంటే లైటు తప్ప ఇంకే తేడా తెలియకపోవచ్చు కూడా.

మొదటి అడుగు: కోడ్ రాసుకోండి, చెరపొద్దు

స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపేయడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం పడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, బండి కదులుతోందా నిలిచి ఉందా అన్నవి అందులో ఉంటాయి. చల్లటి ఇంజిన్ మీదే పడిందంటే మసికి అంటుకుపోయి ఉండొచ్చు. గుంతల రోడ్డు మీద వేగంలో పడిందంటే వదులైన పిన్ను గురించి ఆలోచించాలి. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసుకుంటే చాలు.

తర్వాత కోడ్‌ను దాని గుంపులో పెట్టండి. సగం దారి ఇక్కడే తేలిపోతుంది.

పీ0405 అంటే సెన్సర్ సిగ్నల్ ఉండాల్సినదానికంటే తక్కువ, పీ0406 అంటే ఎక్కువ, పీ0409 అంటే మొత్తంగా ఆ సర్క్యూట్‌లో లోపం. ఈ మూడూ కరెంటుకు సంబంధించినవి, కాబట్టి మల్టీమీటర్ తీయాలి. పీ0403, పీ0489, పీ0490 కూడా కరెంటువే కానీ అవి వాల్వ్‌ను కదిపే వైపువి, సెన్సర్‌వి కావు. పీ0404 అంటే వాల్వ్ చెప్పిన చోటికి రాలేదని, లేదా వచ్చినా రాలేదని సెన్సర్ చెబుతోందని. ఇక్కడ మసికి ఎక్కువ అవకాశం. పీ0401 పొగ తక్కువ వస్తోందని, పీ0402 ఎక్కువ వస్తోందని. ఈ రెండూ ప్రవాహానికి సంబంధించినవి. పీ0401 వచ్చినప్పుడు పొజిషన్ సెన్సర్‌ను నిందించడం చాలాసార్లు పొరపాటే. వాల్వ్ సరిగ్గానే కదులుతున్నా దారిలో పైపో, కూలరో మసితో మూసుకుపోయి ఉంటుంది.

ఇంకోటి. పీ0641, పీ0651 లాంటి 5 వోల్టుల సరఫరా కోడ్లు, లేదా బూస్ట్ సెన్సర్ వంటి వేరే సెన్సర్ల కోడ్లు కూడా కలిసి వస్తే ఈజీఆర్‌ను పక్కన పెట్టి ముందు వాటి సంగతి చూడండి. ఒకే 5 వోల్టుల లైను మీద రెండు మూడు సెన్సర్లు ఆధారపడి ఉండొచ్చు. ఒకటి షార్ట్ అయితే మిగతావీ పడిపోతాయి.

రెండో అడుగు: లైవ్ డేటా

లైవ్ డేటా అంటే సెన్సర్ల రీడింగులను అప్పటికప్పుడు చూడటం. చవగ్గా దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ ప్లగ్గుకు పెట్టేది), ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలా బండ్లలో ఈ పని అయిపోతుంది. కొన్ని బండ్లు సాధారణ స్కానర్‌కు ఈజీఆర్ వివరాలు ఇవ్వవు. వాటికి ఆ కంపెనీ బండ్ల డేటా పూర్తిగా చదవగల స్కానర్ కావాలి.

ఆదేశించిన శాతం, వాస్తవ స్థానం రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. తర్వాత వేడెక్కిన ఇంజిన్ మీద ఐడిల్‌లో, ఆపైన మెల్లగా రేస్ ఇస్తూ చూడండి.

ఆదేశం మారుతున్నా వాస్తవ స్థానం ఒకే అంకె మీద నిలబడితే వాల్వ్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా సిగ్నల్ రావడం లేదు. ఆ అంకె 0కో 100కో అంటుకుని ఉంటే వైరింగ్ మీద అనుమానం. మధ్యలో ఎక్కడో, 23 దగ్గరో 31 దగ్గరో ఆగితే మసి మీద అనుమానం. అంకె ఉన్నట్టుండి ఎగిరి పడుతుంటే సెన్సర్ లోపలి ట్రాక్ అరిగిందో, పిన్ను వదులైందో. పూర్తిగా మూయమన్నా కొద్దిగా తెరిచినట్టే చూపిస్తే వాల్వ్ సీటు మీద మసి గడ్డ ఉంది, లేదా సెన్సర్ సున్నా స్థానం జరిగింది.

ఈజీఆర్ ఎర్రర్ అని ఇంకో అంకె కనిపిస్తుంది. వాస్తవం లోంచి ఆదేశం తీసేసి, ఆదేశంతో భాగించి, వందతో గుణిస్తే వచ్చేది అది. 40 అడిగితే 30 వచ్చిందంటే మైనస్ 25 శాతం. ఆదేశం సున్నా అయినప్పుడు ఈ లెక్క కుదరదు కాబట్టి, వాల్వ్ ఏ కాస్త తెరిచి ఉన్నా 99.2 అని చూపించడం ఆనవాయితీ. ఆ 99.2 చూసి కంగారుపడి వాల్వ్ కొనేసిన వాళ్లకు లోటు లేదు. ఆదేశం సున్నా ఉన్నప్పుడు ఆ అంకెను అసలు పట్టించుకోవద్దు.

మూడో అడుగు: కంటికీ చేతికీ పని

ఈజీఆర్ వాల్వ్, దాని పైపులు, కూలర్ విపరీతంగా కాలుతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక చేయి పెట్టండి.

బ్యాటరీతో మొదలుపెట్టాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు తగ్గకుండా, నడుస్తున్నప్పుడు దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. నీరసించిన బ్యాటరీ మీద తీసిన రీడింగులు నమ్మి ముందుకు పోతే దారి తప్పుతారు.

కప్లర్ తీసి వెలుతురులో చూడండి. పచ్చటి తుప్పు, నూనె జిడ్డు, వెనక్కి జారిపోయిన పిన్ను, విరిగిన లాకు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ల బండ్లలో తుప్పును ప్రత్యేకంగా వెతకాలి. వాటర్ సర్వీసింగ్‌లో బోనెట్ లోపల ప్రెషర్ పైపు పెట్టిన మర్నాడే లైటు వెలిగిందంటే కప్లర్‌లో నీళ్లున్నాయేమో చూడండి. ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. కొన్నాళ్లుగా తీయకుండా పార్క్ చేసిన బండిలో వైరింగ్ అంతా చేత్తో తడిమి చూడాల్సిందే. వేడి పైపుకు ఆనుకుని వైరు తొడుగు కరిగిందేమో కూడా చూడండి.

తర్వాత కప్లర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఒకరు లైవ్ డేటా చూస్తుంటే ఇంకొకరు వైరింగ్‌ను అంగుళం అంగుళం కదపండి. ఎక్కడ పట్టుకుంటే అంకె ఎగురుతుందో లోపం అక్కడే. అప్పుడప్పుడు వచ్చి పోయే లోపాలకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

నాలుగో అడుగు: మల్టీమీటర్

రెండు జాగ్రత్తలు. బల్బు ఉన్న 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్‌ను ఈ వైర్ల మీద వాడొద్దు. అది లాగే కరెంటు ఈసీయూకు ప్రమాదం. అలాగే వైరు తొడుగును సూదితో గుచ్చొద్దు, ఆ రంధ్రంలోంచి తేమ పోయి కొన్ని నెలల్లో కొత్త లోపం తెస్తుంది. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్నుతో తాకితే సరిపోతుంది. ఏ పిన్ను ఏదో మీ బండి వైరింగ్ డయాగ్రామ్ చూసి తెలుసుకోండి. రంగులను బట్టి ఊహించొద్దు.

కప్లర్ తీసేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరింగ్ వైపు కప్లర్‌లో 5 వోల్టుల పిన్నుకూ సెన్సర్ ఎర్తు పిన్నుకూ మధ్య కొలవండి. 4.9 నుంచి 5.1 వస్తే రెండూ బాగున్నట్టు. రాకపోతే మీటర్ నల్ల వైరును బ్యాటరీ నెగెటివ్‌కు మార్చి మళ్లీ కొలవండి. ఇప్పుడు 5 వస్తే సరఫరా బాగుంది, ఎర్తు వైరు తెగింది. ఇప్పుడూ రాకపోతే సరఫరాలోనే లోపం. అదే లైనులో ఉన్న మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ మీటర్ చూడండి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో దొంగ అదే.

తెగిన ఎర్తు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పీ0406 కేసుల్లో ఎక్కువమంది వదిలేసేది దీన్నే. పొటెన్షియోమీటర్ రకం (లోపలి ట్రాక్ మీద జారుతూ వోల్టేజి మార్చే) సెన్సర్‌కు ఎర్తు పోతే కరెంటు పోయే దారి ఉండదు, సిగ్నల్ మీద దాదాపు మొత్తం 5 వోల్టులూ కనిపిస్తాయి. సిగ్నల్ ఎక్కువగా ఉందని ఈసీయూ కోడ్ పెడుతుంది. మనం సెన్సర్ మారుస్తాం. కొత్త సెన్సర్‌కూ ఎర్తు ఉండదు. కోడ్ పోదు. అందుకే కప్లర్ బిగించి, ఇగ్నిషన్ ఆన్‌లో, సెన్సర్ ఎర్తు పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజి కూడా చూడాలి. 0.1 వోల్టు దాటిందంటే ఎర్తు బలహీనంగా ఉంది.

ఇప్పుడు సిగ్నల్. కప్లర్ బిగించే ఉంచి వెనక నుంచి కొలవండి. వాల్వ్ మూసి ఉంటే చాలా బండ్లలో సుమారు 0.5 నుంచి 1.2 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4 నుంచి 4.5 దాకా వస్తుంది. కొన్ని బండ్లలో ఇది తలకిందులు, మూసినప్పుడు ఎక్కువ. స్కానర్‌లో యాక్చుయేటర్ టెస్ట్ ఉంటే వాల్వ్‌ను 25, 50, 75, 100 అంటూ కదుపుతూ చూడండి. వోల్టేజి మెట్టు మెట్టుగా, ఎక్కడా పడిపోకుండా పెరగాలి. డిజిటల్ మీటర్ క్షణకాలపు తెగుడును చూపించలేదు. మీటర్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలు పట్టే బటన్ ఉంటే వాడండి, ముల్లు ఉన్న పాత మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు.

సిగ్నల్ తప్పుగా ఉంటే లోపం వైరుదా, సెన్సర్‌దా? కప్లర్ తీసి, వైరింగ్ వైపు సిగ్నల్ పిన్నును 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా సెన్సర్ ఎర్తు పిన్నుకు కలపండి. లైవ్ డేటాలో సిగ్నల్ వోల్టేజి సున్నా దగ్గరకు రావాలి. అదే రెసిస్టర్‌తో 5 వోల్టుల పిన్నుకు కలిపితే 5 దగ్గరకు పోవాలి. రెండూ సరిగ్గా జరిగితే వైరూ ఈసీయూ బాగున్నట్టే, ఇక అనుమానమంతా వాల్వ్ మీదే. జరగకపోతే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, ఈసీయూ కప్లర్ దాకా సిగ్నల్ వైరు కంటిన్యుటీ (ఎక్కడా తెగలేదా అని) చూడండి. వైరు నిరోధం ఒకటి రెండు ఓములు దాటకూడదు, పక్క వైర్లకూ బాడీకీ తగలకూడదు.

సెన్సర్‌ను విడిగా ఓమ్ మీటర్‌తో కొలవడం పొటెన్షియోమీటర్ రకానికే పనికొస్తుంది. రెండు చివరల మధ్య స్థిరంగా కొన్ని కిలో ఓములు, మధ్య పిన్నుకు వాల్వ్ కదిలేకొద్దీ నునుపుగా మారే విలువ రావాలి. హాల్ రకం (అయస్కాంతంతో స్థానం పసిగట్టే) సెన్సర్‌లో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. దాన్ని ఓముల్లో కొలిస్తే ఏ అంకె వచ్చినా దానికి అర్థం లేదు.

అయిదో అడుగు: వాల్వ్ విప్పడం

కరెంటు వైపు అంతా బాగుండి పీ0404 ఒక్కటే మిగిలితే, విప్పాలి. బ్యాటరీ నెగెటివ్ తీయండి. కూలర్ కలిసి ఉన్న వాల్వ్ అయితే కూలెంట్ కారుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. కొత్త ప్యాకింగ్ ముందే తెచ్చుకోండి. పాతదే పెట్టి బిగిస్తే పొగ లీకై మళ్లీ షెడ్డు ఎక్కాలి.

మసి పొడిగా, బూడిదలా ఉంటే ఫర్వాలేదు. తారులా జిగటగా ఉంటే దాంట్లో ఇంజిన్ ఆయిల్ ఆవిరి కలుస్తోందని అర్థం. క్లీనర్ స్ప్రేతో, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. మోటారు వైపు పైకి, వాల్వ్ వైపు కిందికి పట్టుకోవాలి, లేకపోతే కరిగిన మసి కారి సెన్సర్‌లోకి పోతుంది. బాగున్న సెన్సర్ ఇలా శుభ్రం చేయడంలోనే చచ్చిపోవడం మామూలే. డీజిల్‌లోనో పెట్రోల్‌లోనో రాత్రంతా నానబెట్టడం కూడా అలాంటి పనే. స్క్రూడ్రైవర్‌తో వాల్వ్‌ను తెరవొద్దు, లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇవ్వడమూ అంతే. ఈసీయూ దానికి కరెంటును పల్సులుగా, లెక్క ప్రకారం ఇస్తుంది. స్ప్రే మంటకు అంటుకునేది కాబట్టి వేడి ఇంజిన్ దగ్గర వద్దు. గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి.

శుభ్రం చేశాక బిగించేముందు, బ్యాటరీ మళ్లీ కలిపి, వాల్వ్‌ను కప్లర్‌కు పెట్టి బయటే ఉంచి యాక్చుయేటర్ టెస్ట్ చేయండి. వేళ్లు దూరంగా పెట్టుకోండి. వాల్వ్ కంటికి నునుపుగా కదులుతూ, స్కానర్‌లో అంకె మాత్రం ఎగిరి పడుతుంటే ఇక సందేహం లేదు, సెన్సర్ పోయింది. ఇప్పుడు కొత్త వాల్వ్ కొనండి, పార్ట్ నంబరు అక్షరం అక్షరం సరిచూసుకుని.

బిగించాక

వాల్వ్ కొత్తదైనా, శుభ్రం చేసిందైనా, మూసిన స్థానం ఎక్కడో ఈసీయూ మళ్లీ నేర్చుకోవాలి. కొన్ని బండ్లలో ఇగ్నిషన్ ఆపి కొద్ది నిమిషాలు వదిలేస్తే అదే నేర్చుకుంటుంది. చాలావాటికి స్కానర్‌తో ఈజీఆర్ అడాప్టేషన్ చేయాలి. ఇది చేయకుండా, కొత్త పార్టు కూడా డూప్లికేట్ అని షాపువాడితో గొడవపడటం అనవసరం.

కోడ్ చెరిపి బండి తిప్పండి. చాలా లోపాలకు వరుసగా రెండు డ్రైవ్ సైకిళ్లలో తప్పు కనబడితేనే లైటు వెలుగుతుంది. కాబట్టి లైటు వెలగలేదని సంబరపడకుండా పెండింగ్ కోడ్లు (ఈసీయూ గమనించినా ఇంకా లైటు వెలిగించనివి) చూడండి, లైవ్ డేటాలో ఆదేశమూ వాస్తవమూ కలిసి నడుస్తున్నాయో లేదో చూడండి.

"ఈజీఆర్ దారికి ప్లేటు పెట్టి మూసేద్దాం సార్, గొడవ వదిలిపోతుంది" అనే సలహా తప్పక వస్తుంది. నా ఓటు దానికి లేదు. బండి తయారైన తీరును అలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. డీజిల్ పొల్యూషన్ టెస్టులో పొగ నలుపును మాత్రమే కొలుస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు, అందుకే ఎవరికీ దొరకడం లేదు. సాంకేతికంగానూ అది సగం పనే. వాల్వ్ తెరిచానని సెన్సర్ చెబుతుంది, కానీ మాఫ్ సెన్సర్ దగ్గర తాజా గాలి తగ్గదు. ఈసీయూ ఆ తేడా పట్టుకుని పీ0401 పెడుతుంది. తర్వాత దాన్ని దాచడానికి సాఫ్ట్‌వేర్ మార్చాలంటారు, అలా పోతూనే ఉంటుంది.

శుభ్రం చేసిన కొన్నాళ్లకే మళ్లీ మసి పడుతుంటే లోపం వాల్వ్‌లో లేదు. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, టర్బో నుంచి వచ్చే ఆయిల్ చూడాలి. అన్నిటికంటే ముందు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా ఆపేది) ఉందో లేదో చూడండి. "మన ఎండలకు ఇది అక్కర్లేదు" అని దాన్ని పీకేసే అలవాటు మన మెకానిక్కులకు ఉంది. అది లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ సరిగ్గా మండదు, మసి పెరుగుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తిరిగే బండి అయితే ఇంకా తొందరగా. అరగంట నడిపాక లైవ్ డేటాలో కూలెంట్ వేడి 80 డిగ్రీలు దాటకపోతే ముందు ఆ థర్మోస్టాట్ వేయించండి.